నిప్పుల్లో పొట్లం: ఆకు నాటినుంచి వెండికాగితం దాకా

ఉగాది సంచికలో చరిత్ర వ్యాసమంటే రాజులు, యుద్ధాలు, శాసనాలు ఉండవలెనని పాఠక మహాశయులు అనుకోవడం సహజం. మేము ఈసారి వ్రాయబోయేది ఒక పొట్లం చరిత్ర. తినే పదార్థాన్ని దేనిలోనో చుట్టి, నిప్పుల్లో పెట్టి, పిల్లల చేతనే వండించి, పిల్లలకే పెట్టే పద్ధతి ఒకటి ఉన్నది. ఇప్పుడు దానిని పలుచని అల్యూమినియం రేకుతో చేస్తున్నారు. మన ఇళ్ళలో ఆడవారు ఆ రేకును వెండికాగితం అంటారు. మేమూ ఆ మాటే వాడుతాము. ఈ పొట్లం చరిత్ర స్విట్జర్లాండులో ఒక సరస్సు ఒడ్డునా, అమెరికా గూడ్సు బండ్లలోనూ, కోరాపుట్ జిల్లా కొండల మీదా తిరిగి మన జట్నీ దాకా వస్తుంది. కనుక రైల్వే వానికి ఇందులో పని లేదని ఎవరూ అనలేరు.

కుండ పుట్టకముందే వంట పుట్టినది గదా. కుండ లేనివాడు ఏమి చేయాలి? మాంసాన్నో దుంపనో నేరుగా మంటలో వేస్తే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. దానికి చుట్టూ తడి గల పొర ఒకటి కావాలి. ఆకులోనో, మట్టిలోనో, మొక్కజొన్న పొత్తు పైతొక్కలోనో చుట్టితే ఆ పొరలోని నీరంతా ఆవిరి అయ్యేదాకా పొర కాలదు. ఆ ఆవిరిలోనే లోపలిది ఉడుకుతుంది. ఈ కిటుకు ఒకరు కనిపెట్టి మరొకరికి చెప్పినది కాదు. న్యూజిలాండులోని మావొరీలు గోతిలో రాళ్ళు కాల్చి, వాటి మీద ఆకులు కప్పిన ఆహారం పెట్టి మట్టితో మూస్తారు. మెక్సికోవారు మొక్కజొన్న పిండిని మొక్కజొన్న తొక్కల్లోనే చుట్టి ఆవిరి పెడతారు. చైనాలో కోడిని ఆకులో చుట్టి మట్టి మెత్తి కాలుస్తారు. బొంబాయి పారసీలకు అరిటాకులో చేప లేనిదే పెండ్లి భోజనం పూర్తి కాదు.

మనవారి సంగతి వేరే చెప్పాలా? కుమ్ములో వంకాయ కాల్చి పచ్చడి చేయని తెలుగిల్లు ఉండదు. కుమ్ము అంటే మంట ఆరిన తరువాత నివురు కప్పుకొని ఉండే వేడి బూడిద. తాటితేగలనూ చిలగడదుంపలనూ కుండలో కూరి, మూతి మూసి, చుట్టూ మంట పెట్టి తంపట వేయడం మా తాతగారి ఊళ్ళో చలికాలపు పండుగ వంటిది. కోనసీమలో పనసాకులను పుల్లలతో బుట్టలుగా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరిమీద ఉడికిస్తారు, వాటిని పొట్టిక్కలంటారు. అరకు లోయలో వెదురు బొంగులో మాంసం కూరి, మూతికి ఆకు దోపి నిప్పుల మీద దొర్లిస్తారు. ఇరవై ఏళ్ళ క్రితం దానిని కొండవారి వంట అని తీసిపారేసినవారే ఈనాడు కిరండూల్ లైను బండి దిగి, వరుసలో నిలబడి, బొంగుకు వందల రూపాయలిచ్చి తింటున్నారు.

మనం బ్రతుకుతున్న ఒడిశా నేలకు ఈ విద్యలో మనకంటె ఒక మెట్టు ఎక్కువే ఇవ్వాలి. ఇక్కడ రజ పండుగ జూన్ మధ్యలో మూడు రోజులు వస్తుంది. ఆ మూడు రోజులూ భూదేవికి విశ్రాంతి. నేల దున్నరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు, రుబ్బడం నూరడం వంటి పనులు మానుతారు. అందుచేత పిండివంట ముందే చేసి ఉంచుకోవాలి. అదే పోడపిఠా. పోడ అంటే కాలినది. బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో బెల్లం, కొబ్బరి, యాలకులు, అల్లం కలిపి, అరిటాకులు పరచిన పాత్రలో పోసి, పైన మళ్ళీ ఆకులు కప్పి, రాత్రంతా సన్నని నిప్పుల మధ్య ఉంచుతారు. తెల్లవారి విప్పితే పైపొర నల్లగా కాలి, లోపల మెత్తగా, బెల్లం పాకం వాసన వేస్తూ ఉంటుంది. నాలుగు రోజులైనా చెడదు. పూరీలో రథయాత్ర ముగిసి జగన్నాథస్వామి తిరుగు ప్రయాణమైనప్పుడు మౌసీ మా గుడి దగ్గర రథం ఆపి ఆయనకు నివేదించేది కూడా పోడపిఠాయే. మౌసీ అంటే పినతల్లి. జగత్తుకు నాథుడైనా పినతల్లి చేతి పిండివంట తినక ముందుకు కదలడన్నమాట! ఇక నయాగఢ్ వైపు ఛెనాపోడ ఉన్నది. పాలవిరుగులో పంచదార కలిపి సాలాకులలో పెట్టి కాల్చినది. ఖుర్దా రోడ్డునుంచి బలాంగీర్ దిక్కుగా వేసిన కొత్త లైను నయాగఢ్ చేరిన తరువాత అది మనకు మరింత చేరువైనది.

1890లలో బెజవాడనుంచి కటకం దాకా ఈస్టుకోస్టు రైల్వే లైను వేసిన కాలంనుంచీ మనవారు ఈ దారి వెంట వచ్చి స్థిరపడ్డారు. 1897లో పూరీ శాఖ తెరవడంతో ఖుర్దా రోడ్డు జంక్షన్ అయినది. గ్యాంగుమన్‌లు, ఫైర్‌మన్‌లు, ఫిట్టర్లు, గుమాస్తాలు తెలుగు మాట మూటగట్టుకొని వచ్చారు. వారి భార్యలు పక్కింటి ఒరియా ఆడవారి దగ్గర పోడపిఠా నేర్చుకొని, బదులుగా ఆవకాయ నేర్పారు. ఈ బదలాయింపు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

ఇప్పుడు వెండికాగితం సంగతి. అల్యూమినియం లోహాన్ని మొదట వేరుచేసినది 1825లో, డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఎర్‌స్టెడ్. ఆ తరువాత అరవై ఏళ్ళపాటు అది బంగారం వెండితో పాటు చెప్పుకొనే అపురూపమైన లోహం. 1884లో అమెరికావారు వాషింగ్టన్ స్మారక స్తంభం కట్టి ముగించినప్పుడు కొసన పెట్టిన చిన్న శిఖరం అల్యూమినియందే. దాని బరువు సుమారు 2.8 కిలోలు. అంతటి లోహాన్ని ఈనాడు ఇడ్లీ పొట్లం విప్పి చెత్తబుట్టలో పారవేస్తున్నాము. దీనికి కారకులు ఇద్దరు యువకులు. అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ హెరూల్ట్. ఒకరినొకరు ఎరుగకనే 1886లో ఒకే పద్ధతి కనిపెట్టారు. కరిగించిన క్రయొలైటులో అల్యూమినా కలిపి విద్యుత్తు పంపితే లోహం అడుగున చేరుతుంది. ఇద్దరూ పుట్టినది 1863లో, ఇద్దరూ పోయినది 1914లో. ఇటువంటి సంగతులు జాతకాలు నమ్మేవారికి బలం ఇస్తాయి. మేము మాత్రం, కాలం పండినప్పుడు కాయ రెండు కొమ్మల మీదా ఒకేసారి పండుతుందని అనుకొంటాము.

మన దేశంలో అల్యూమినియం గిన్నెల కథ మద్రాసులో మొదలైనది. అక్కడి కళాశాలలో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ దొరగారు 1898 ప్రాంతంలో పాత్రల తయారీ ప్రారంభించారు. రాగి ఇత్తళ్ళకు కళాయి పోయించే ఖర్చు లేదని పేదలు వాటిని ఆదరించారు. ఒడిశాలో 1959లో హీరాకుడ్ దగ్గర అల్యూమినియం కరిగించే కర్మాగారం వచ్చినది. 1981లో నాల్కో సంస్థ ఏర్పడినది. కోరాపుట్ జిల్లాలో పంచపట్‌మాలి కొండ మీద బాక్సైటు తవ్వి, దామంజోడిలో అల్యూమినాగా మార్చి, అంగుల్‌లో లోహం చేస్తారు. ఎగుమతి అయ్యే అల్యూమినా విశాఖపట్నం రేవుకు రైలు మీదనే పోతుంది. కోరాపుట్ కొండల్లో పనిచేసిన మన డిపార్టుమెంటువారికి ఈ వ్యాగన్ల సంగతి చెప్పనక్కరలేదు.

లోహం చవకైన తరువాత దానిని కాగితంలా సాగదీయడం మిగిలినది. అంతకు ముందు మిఠాయిలకూ పొగాకుకూ తగరపు రేకు చుట్టేవారు. దానితో తిండికి తగరం రుచి అంటేది. 1910లో స్విట్జర్లాండులో, కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున ఎమ్మిస్‌హోఫెన్ అనే చోట అల్యూమినియం రేకు చుట్టే మొదటి మిల్లు తెరిచారు. మరుసటేడే టోబ్లర్ వారి చాక్లెట్లు ఆ రేకులో చుట్టుకొని బజారుకు వచ్చాయి. అయినా అది కర్మాగారాలకే పరిమితం. వంటింట్లోకి రావడానికి మరొక యుద్ధం అయిపోవలసి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాలకని పెంచిన అల్యూమినియం ఉత్పత్తి యుద్ధం ముగిసేసరికి కొనేవారు లేక మిగిలినది. అమెరికాలో రెనాల్డ్స్ కంపెనీవారు 1947లో దానిని చుట్టలుగా చేసి ఇల్లాండ్రకు అమ్మడం మొదలుపెట్టారు. విమానం రెక్క కావలసినది బంగాళాదుంప చుట్టే కాగితమైనది. యుద్ధసామగ్రికి ఇంతకంటె మంచి గతి ఏముంటుంది?

ఇక పిల్లలు. వంటకూ పిల్లలకూ లంకె వేసినవారిలో ముందుగా చెప్పవలసిన పేరు బేడెన్ పావెల్. ఈయన 1876లో సైనికోద్యోగిగా మన దేశానికి వచ్చినవాడే. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరాన బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో ఇరవై మంది పిల్లలతో ఒక శిబిరం నడిపారు. విశేషమేమంటే, వారిలో కొందరు ఈటన్, హారో వంటి గొప్పింటి బడుల పిల్లలు, కొందరు పట్నంలో కూలిపని చేసుకొనేవారి పిల్లలు. ఇద్దరినీ ఒకే గుడారంలో పడుకోబెట్టి, ఒకే నిప్పు చుట్టూ కూర్చోబెట్టారు. ఆనాటి ఇంగ్లండులో అది చిన్న సంగతి కాదు. మరుసటి సంవత్సరం వెలువడిన ఆయన స్కౌటు పుస్తకంలో గిన్నె లేకుండా వండే ఉపాయాలున్నవి. మాంసాన్ని తడిపిన కాగితాలలో చుట్టో మట్టి మెత్తో ఎర్రని నిప్పుల్లో పెట్టమంటారు. పక్షిని మట్టి మెత్తి కాలిస్తే ఈకలు పెరకనక్కరలేదనీ, మట్టి పెళ్ళ విరిచినప్పుడు ఈకలు దానితోనే ఊడివస్తాయనీ చెప్తారు. అంటే పొట్లం అప్పటికే సిద్ధంగా ఉన్నది. వెండికాగితం వచ్చి తడికాగితం స్థానంలో కూర్చున్నది, అంతే.

అమెరికాలో ఈ పొట్లానికి హోబో భోజనం అని ఒక పేరు ఉన్నది. హోబో అంటే పని వెతుక్కుంటూ గూడ్సు బండ్లలో దొంగతనంగా ఊరూరా తిరిగే కూలివాడు. 1930లలో ఆర్థికమాంద్యం వచ్చినప్పుడు అటువంటివారు లక్షల సంఖ్యలో పట్టాల వెంట తిరిగారు. రైలుకట్ట పక్కన నిప్పు వేసుకొని, దొరికిన డబ్బాలో దొరికిన కూర ఉడకబెట్టుకొనేవారు. టిక్కెట్టు లేని ప్రయాణం నేరమే, సందేహం లేదు, మా ఉద్యోగధర్మం అది. కాని ఆకలితో బండి ఎక్కినవానిని గురించి మాకు తీర్పు చెప్పబుద్ధి కాదు. వెండికాగితం వచ్చిన తరువాత స్కౌటు పిల్లలు కొద్దిగా మాంసం, బంగాళాదుంప, క్యారెట్టు, ఉల్లి చుట్టి నిప్పుల్లో పెట్టి, దానికి ఆ హోబో పేరే పెట్టుకొన్నారు. బీదవాని దిక్కులేని కూడు ధనికుల బిడ్డలకు వినోదమవడం లోకంలో కొత్త కాదు.

తీపి విషయంలో గర్ల్ స్కౌటులది పైచేయి. జూలియట్ లో అనే ఆమె 1912లో సవన్నా నగరంలో ఈ బాలికల సంఘం స్థాపించింది. 1927లో వారు వెలువరించిన ఒక పుస్తకంలో కాల్చిన మార్ష్‌మెలో, చాక్లెట్టు రెండు బిస్కట్ల మధ్య పెట్టి తినే తీపి ఒకటి ఉన్నది. తిన్నవారు మరికొంత మరికొంత అని అడుగుతారు గనుక దానికి ఆ పేరే పెట్టారు. మార్ష్‌మెలో అంటే పంచదార పాకంలో జెలటిన్ కలిపి గిలకొట్టిన దూది వంటి మిఠాయి. జెలటిన్ జంతువుల ఎముకలు తోళ్ళనుంచి తీసేది కాబట్టి శాకాహారులైన మన సభ్యులు డబ్బామీది గుర్తు చూసి కొనవలెనని మనవి. దానికంటె మనకు దగ్గరైనది అరటిపండు తీపి. తొక్కతోనే పండును నిలువునా చీల్చి, చీలికలో చాక్లెట్టు ముక్కలు కూరి, వెండికాగితంలో చుట్టి పది నిమిషాలు నిప్పుల్లో ఉంచుతారు. మేము చాక్లెట్టు బదులు బెల్లం తురుము, పచ్చికొబ్బరి, చిటికెడు యాలకుల పొడి పెట్టి చూశాము. అమెరికావారి పండు పోడపిఠాకు మేనకోడలు అయి కూర్చున్నది.

మన దేశానికి స్కౌటింగు 1909లో బెంగుళూరులో కెప్టెన్ బేకర్ అనే దొర ద్వారా వచ్చినది. అయితే మొదట్లో అది తెల్లవారి పిల్లలకూ ఆంగ్లో ఇండియన్ పిల్లలకూ మాత్రమే. 1911లో జబల్‌పూరులో మొదటి గైడు కంపెనీ పెట్టారు, అక్కడా అంతే. మన పిల్లలకు తలుపు తెరవకపోతే మేమే ఇల్లు కట్టుకుంటామని పూనుకున్నవారిలో వివియన్ బోస్ ఒకరు. మద్రాసులో అనీ బిసెంట్, అరండేల్ గారలు 1916లో భారతీయ బాలుర స్కౌటు సంఘం పెట్టారు. అలహాబాదులో మదనమోహన మాలవీయ, కుంజ్రూ, శ్రీరామ్ వాజపేయి గారలు సేవాసమితి స్కౌటులను నడిపారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబరు 7న, ఈ పాయలన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అయినవి. మరుసటేడు గైడులూ చేరారు. రైల్వేలలో ఈ సంస్థ శాఖలు బాగా పాతుకొన్నవి. స్టేషనులో రథయాత్ర రద్దీకి మంచినీళ్ళు అందించే స్కౌటు పిల్లలను మనలో చూడనివారుండరు.

మంచినీళ్ళన్నాము గనుక ఒక మాట. స్వాతంత్ర్యానికి పూర్వం మన స్టేషన్లలో హిందూ నీళ్ళు వేరు, ముస్లిం నీళ్ళు వేరు. భోజనశాలలూ వేరే. ఒకే ఇంజను లాగే బండిలో వచ్చినవారు దిగి వేర్వేరు కడవల దగ్గరకు పోయేవారు. పిల్లలు తినే దగ్గర ఈ గొడవ మరీ గట్టిగా తగిలినది చేరన్‌మహాదేవిలో. అది నేటి తమిళనాడులో తిరునెల్వేలి జిల్లా. అక్కడ వి.వి.ఎస్. అయ్యర్ గారు దేశభక్తి నేర్పే గురుకులం పెట్టారు. ఇద్దరు బ్రాహ్మణ బాలురకు విడిగా భోజనం పెడుతున్నారని 1924లో తెలిసి మద్రాసు రాజధాని అంతా అట్టుడికినది. కాంగ్రెసు చందాలతో నడిచే బడిలో పంక్తిభేదమేమిటని డాక్టర్ వరదరాజులు నాయుడు, ఇ.వి. రామస్వామి నాయకర్ గారలు నిలదీశారు. అయ్యర్ గారు 1925లో పోయారు. గురుకులం ఆ దెబ్బనుంచి తేరుకోలేదు. ఇద్దరు పిల్లల విస్తళ్ళు ఎక్కడ వేయాలన్న ప్రశ్న దక్షిణదేశ రాజకీయాలనే మార్చినదంటే అతిశయోక్తి కాదు.

ఇది ఎందుకు తెచ్చామంటే, ఆంధ్రదేశంలో కార్తీక వనభోజనాలు కులాలవారీగా విడిపోయి చాలా కాలమైనది. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క తోట, ఒక్కొక్క బ్యానరు. ఉసిరిచెట్టుకు ఈ సంగతి తెలుసో తెలియదో. ప్రవాసంలో ఉన్న మనకు ఆ సౌకర్యం లేదు. లెక్కకు ఉన్నవారమే కొద్దిమందిమి. అయినా గత కార్తీకానికి ముందు మనలోనే కొందరు పెద్దలు, ఊళ్ళోలాగే మనమూ ఎవరికి వారం పెట్టుకుంటే ఏమన్నారు. కొందరు వంట ఒకచోట, వడ్డన వేరు అన్నారు. కార్యవర్గ సమావేశం రాత్రి పది దాటినా తేలలేదు. చివరకు ఎవరో విసుగుతో, పిల్లలను వండనివ్వండి, ఎవరి పొట్లం వారు తింటారు, గొడవే ఉండదన్నారు. అది విసుగులో అన్న మాటే అయినా అందరికీ నచ్చినది. వేరుగా తినాలనేవారికి వేరు పొట్లం దొరికినది, కలిసి తినాలనేవారికి ఒకే నిప్పు దొరికినది.

ఆ ఆదివారం మామిడితోటలో ముప్పై ఒక్కమంది పిల్లలు. ఏర్పాట్లు చెప్పడం వల్ల వచ్చే ఏడు చేసేవారికి ఉపయోగమని కొంచెం వివరంగా వ్రాస్తున్నాము. ఎండుటాకులు ఊడ్చిన నేలలో జానెడు లోతు కందకం తీసి కట్టెలు పేర్చాము. పక్కన రెండు బకెట్ల నీళ్ళు, ఒక బకెట్టు ఇసుక. నైలాను ఓణీలు, జారే చున్నీలు నిప్పు దగ్గరకు రాకూడదని ముందే చాటించాము. మంట లేవగానే పొట్లం వేయడం అందరూ చేసే తొందర. మంటలో పైది మాడి లోపలిది పచ్చిగా ఉంటుంది. పైగా అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది గనుక విసరిన ఎర్రని బొగ్గుల మీద పలుచని రేకుకు చిల్లులు పడవచ్చు. ముప్పావుగంట ఆగితే మంట పోయి కణికలు మిగులుతాయి, వాటిమీద తెల్లని నివురు కప్పుతుంది. అప్పుడు పెట్టాలి.

ఆ ముప్పావుగంటలో పిల్లలకు పని. అయిదారేళ్ళవారు బఠాణీలు ఒలిచారు, కొత్తిమీర తుంచారు. ఎనిమిదేళ్ళు దాటినవారు అరటిపండ్లు చీల్చారు, పొట్లాలు మడిచారు. కత్తిపీట, పటకారు పన్నెండేళ్ళ పైవారివి, అదీ పక్కన ఒక పెద్దమనిషి కూర్చున్నప్పుడే. పొట్లానికి అడుగున ఒక క్యాబేజీ ఆకో ఉల్లిచక్రాలో పరిస్తే కూర అంటుకోదు. బంగాళాదుంప రూపాయి బిళ్ళంత మందంలో ఉండాలి, లావైతే ఉడకదు. ఉప్పు, మిరియాలపొడి, చెంచాడు నెయ్యి, రెండు చెంచాల నీళ్ళు. అంచులు రెండు మడతలు గట్టిగా వేసి, లోపల ఆవిరికి కొంచెం జాగా వదలాలి. ఇరవై అయిదు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. విప్పేటప్పుడు ముఖానికి అవతలి వైపు అంచు విప్పాలి, ఆవిరి చేయి కాలుస్తుంది. మగపిల్లలు ఒక ప్రక్క చూస్తూ నిలబడి ఆడపిల్లలు వండే ఆచారం ఆ రోజు సాగలేదు. ఎవరి పొట్లం వారు కట్టనిదే ఎవరికీ తిండి లేదు గనుక.

మాకు ముచ్చట వేసినది మరొకటి. మన పిల్లలకు బడిలో ఒరియా, హిందీ, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగంటే రా, పో, తిను, పడుకో. ఆ రోజు కందకం పక్కన పీట వేసుకొని కూర్చున్న ఒక మామ్మగారి నోట వచ్చిన మాటలు వారెన్నడూ వినలేదు. ఒక కుర్రవాడు కట్టెతో నిప్పు కెలుకుతూ, "మామ్మా, ఇది ఎప్పటికి ఉడుకుతుంది?" అన్నాడు.

"కొరకంచుతో ఆడకురా నాన్నా, కణికలు అవనీ" అన్నది ఆమె.

"కొరకంచంటే ఏమిటి మామ్మా?"

"నీ చేతిలో ఉన్నదేరా. ఒక కొస కాలి, ఒక కొస మిగిలినది."

కొరకంచు, కుమ్ము, నివురు, తంపట, పటకారు, కణిక. సాయంత్రానికి పిల్లలు ఈ మాటలు ఒకరిమీద ఒకరు విసురుకొంటున్నారు. గ్యాసు పొయ్యిలో ఈ మాటలకు వస్తువులే లేవు. వస్తువు లేనప్పుడు మాట నేర్పమంటే ఎట్లా నేర్పుతాము?

ఎవరి పొట్లం వారిదే అన్న ఏర్పాటు కూడా అరగంట కంటె నిలువలేదు. పొట్లాల మీద పేర్లు వ్రాయించాము గాని, నిప్పుల్లో తిరగేసేసరికి మసి పట్టి పేర్లు పోయినవి. ఎవరిది ఏదో తేలక పిల్లలు దొరికినది విప్పుకొన్నారు; నీ దానిలో ఉప్పు ఎక్కువ, నా దానిలో నెయ్యి ఎక్కువ అని పక్కవానిది తిన్నారు. సమావేశంలో రాత్రి పదిదాకా వాదించిన ఒక పెద్దమనిషి మనుమడు ఎవరి పొట్లం తిన్నాడో మేము చూశాము. ఆయనా చూశారు. ఆయన ఏమీ అనలేదు. అరటిపండు తీపి మరొకటి ఉన్నదా అని అడిగారు.

ఇక జాగ్రత్తలు రెండు చెప్పాలి. వెండికాగితంలో పులుపు చుట్టరాదు. చింతపండు, నిమ్మరసం, టొమాటో తగిలితే లోహం కొంత కరిగి తిండిలో కలుస్తుంది, ఉప్పు ఎక్కువైనా అంతే. మనిషి వారానికి తినదగిన అల్యూమినియం శరీరబరువులో కిలో ఒక్కింటికి 1 మిల్లీగ్రాముకు మించరాదని ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2008లో నిర్ణయించింది. 2011లో అంతర్జాతీయ నిపుణుల సంఘం దానిని 2 మిల్లీగ్రాములన్నది. ఏడాదికొక్క వనభోజనంతో ఎవరికీ ఏమీ కాదు, కాని పిల్లల శరీరబరువు తక్కువ గదా. దీనికి ఉపాయం మన పక్కింట్లోనే ఉన్నది. పదార్థాన్ని ముందు అరిటాకులో చుట్టి, పైన వెండికాగితం చుట్టాలి. ఆకు తిండికి తగులుతుంది, రేకు నిప్పుకు తగులుతుంది. అరిటాకును ముందు సెగమీద వాడిస్తే మడతలో చిరగదు. పోడపిఠా వాసన కూడా అదనంగా వస్తుంది. ఒట్టి ఆకుతోనే చేయగలిగితే మరీ మంచిది. కాని ఆకు పొట్లం కట్టడం చేయి తిరిగినవారి పని, పిల్లల చేతిలో నారు ఊడి కూర నిప్పులపాలవుతుంది. వెండికాగితం పిల్లల తప్పులను క్షమిస్తుంది. ఇందుకే మేము రెండూ కావాలంటున్నాము.

రెండవది, ఆకు మట్టిలో కలుస్తుంది, రేకు కలవదు. నిప్పులో వేసినా బూడిద కాదు, ముక్కలై తోటలో మిగిలి పశువుల నోట పడుతుంది. ఆ రోజు పిల్లలను వరుసగా నిలబెట్టి, ఇచ్చిన ముక్కలు లెక్కపెట్టి తిరిగి తీసుకొన్నాము. ముప్పై ఒక్కమందికి రెండేసి చొప్పున అరవై రెండు ఇస్తే అరవై తిరిగి వచ్చాయి. మిగిలిన రెండింటి కోసం కందకం తవ్వి చూడగా బూడిద అడుగున దొరికాయి. వాటిలో ఒక దానిలో అరటిపండు ఇంకా వెచ్చగానే ఉన్నది.

వచ్చే కార్తీకానికి తోట యజమాని మళ్ళీ ఒప్పుకొన్నారు. అరిటాకులు ఇంటికి రెండు చొప్పున ఎవరివారు తేవలెను. కట్టెలు, వెండికాగితం, బెల్లం సంఘం ఖర్చు. పెద్ద పటకార్లు మూడే ఉన్నవి, ఇంకొక నాలుగు కావాలి. ఇళ్ళలో పాత ఇనుప పటకార్లు మూల పడి ఉన్నవారు దయచేసి కార్యదర్శిగారికి అందజేయవలసినదిగా కోరుతున్నాము.